ఏమియు జరుగని వారము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 17:12–30, 30:9–25



కాపరి ప్రతి నెల ఒక నివేదిక వ్రాసి పంపవలెనని మీలో అనేకులకు తెలియును. ఆ కాగితములో గడులుండును. కూటములెన్ని, గృహదర్శనములెన్ని, ఎందరు రోగులయొద్ద ప్రార్థించితిమి, బాప్తిస్మములెన్ని, కానుక యెంత. సెమినరీలో చదువుకొనిన దినములనుండి ఈ గడులు నింపుట మాకు అలవాటు. నింపి నింపి, గడిలోనికి ఎక్కని దినము అసలు దినమే కాదను తలంపు మాకు తెలియకుండనే మాలో వేరు తన్నినది. 2023వ సంవత్సరము ఫిబ్రవరి మాసములో ఒక వారము మాకు ఒక్క గడియు నిండలేదు. ఈ నెల ఆ వారమును గూర్చి వ్రాయనెంచితిమి.

సంగతి యిది. మా ఊరి పడమటి కొసను, చెరువుకట్టకు దిగువగా, మన సంఘమునకు చెందిన ఒక విధవరాలున్నది. అరువది దాటిన మనిషి. ఊరివారందరు ఆమెను పెద్దమ్మ అందురు, మేమును అట్లే పిలుతుము. ఒక్కతె కూతురు, పట్టణములో కాపురము. పెద్దమ్మకు ఇంటివద్ద నున్నవి ఒక గేదె, దాని దూడ, మోతీ అను ముసలి కుక్క, ఎనిమిది కోళ్లు. గేదెకు పేరు పెట్టలేదు, “అమ్మాయీ” అని పిలుచును. ఆమెకు రెండు కన్నులలోను శుక్లములు పడి రెండేండ్లు దాటెను. ఆదివారము ఆరాధనలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొని, ఒక్క మాట తప్పకుండ పాడుచుండగా మేము వేదికమీదనుండి చూచితిమి. కీర్తనలన్నియు నోటికి వచ్చును గనుక పుస్తకము ఎట్లు పట్టుకొనినను ఆమెకు ఒక్కటే.

శస్త్రచికిత్స చిన్నదనియు, మసకబారిన కటకమును తీసి క్రొత్తది అమర్చుదురనియు, అరగంటలో ముగియుననియు డాక్టర్లు చెప్పి పంపిరి. మేమును నాలుగైదు సారులు ఇంటికి వెళ్లి బుద్ధి చెప్పితిమి. కన్నును గూర్చి ప్రభువు కొండమీద చెప్పిన మాట ఎత్తితిమి. పశువుకొరకు చూపు పోగొట్టుకొనుట విశ్వాసికి తగదంటిమి. ఆమె శ్రద్ధగా వినెడిది. విని, “నిజమే అయ్యగారూ. గేదెను ఎవరికి అప్పజెప్పేది?” అనెడిది. దీనికి మాయొద్ద జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చెడివారము. ఆ నెల కాగితములో గృహదర్శనము ఒకటి అని వేసెడివారము.

తుదకు ఆ ఫిబ్రవరిలో కూతురు పట్టుపట్టి దినము నిర్ణయము చేసినది. ఒక బంధువుల పిల్లవాడు వారము దినములు పశువును చూచుకొందునని మాట యిచ్చెను. వెళ్లవలసిన ముందటి దినము రాత్రి వాడు లారీ మీద పని దొరికినదని వెళ్లిపోయెను. మాది మిరప పండు ప్రాంతము. ఫిబ్రవరి అనగా కోతలు. చీకటితోనే ఆడవారందరు ఆటోలలో చేలకు పోయి దీపాలవేళకు గాని తిరిగి రారు. ఊరిలో ఖాళీగా నున్న చేయి ఒక్కటియు లేదు. పెద్దమ్మ సర్దుకొనిన సంచిని మరల దండెము మీద తగిలించినదని ఆదివారము ఉదయము మాకు తెలిసినది.

మా ఇంటివారు ప్రక్క ఊరి పాఠశాలలో ఉపాధ్యాయురాలు, ఉదయము బస్సుకు పోయి సాయంత్రము వత్తురు. ఆమె మాతో అన్నది, “రెండేళ్లనుంచి మాటలు చెబుతూనే ఉన్నారుగా. ఈ వారం పలుపు పట్టుకోండి.”

ఆ వారములోనే పట్టణమున మూడు దినములు ఉజ్జీవ కూటములు. రెండవ రాత్రి వర్తమానము మాది. ఇటువంటి పిలుపు పల్లెటూరి కాపరికి తరచుగా రాదని మీరెరుగుదురు. దావీదు గొల్యాతుల ప్రసంగమును నెల దినములనుండి సిద్ధపరచుకొనుచుంటిమి. పెద్ద పందిరి, మైకులు, వేలకొలది జనము. ఒక వైపున అది, మరియొక వైపున పలుపు. వెంటనే సంతోషముగా ఒప్పుకొంటిమని వ్రాసిన అబద్ధమగును. ఇంటివెనుక వేపచెట్టు క్రింద చాలసేపు తిరిగితిమి. ఒక్క గేదెకొరకు అన్ని ఆత్మల మేలు విడుచుట ధర్మమా అని లోపల వాదించుకొంటిమి. కొంతసేపటికి ఆ వాదనలో ఆత్మలకంటె పందిరియే ఎక్కువగా కనబడుచున్నదని సిగ్గుపడితిమి. రాలేమని కూటములవారికి ఫోను చేసి చెప్పితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట పెద్దమ్మ బస్సెక్కినది.

సోమవారము తెల్లవారుజామున నాలుగు గంటలకు మా చదువంతయు ఆ కొట్టములో చీకటిలో నిలువబడెను. గేదె ఎగచేపినది. దూడను విడిచితిమి, కట్టితిమి, పొదుగు కడిగితిమి, ఎంత పితికినను గిద్దెడు పాలైనను రాలేదు. దూడ కుడిచినప్పుడు తల్లి మెదడునుండి ఒక రసము రక్తములోనికి విడుదలయై పొదుగునకు చేరవలెననియు, పశువు బెదరినను, క్రొత్త చేయి తగిలినను ఆ రసము విడువబడదనియు ఒక పశువైద్యుడు తరువాత మాకు వివరించెను. మేము మాత్రము ఆ వేళ గేదెకు మామీద ఏదో పగ యున్నదనుకొంటిమి. ఎదురింటి ఆయన చుట్ట కాల్చుకొనుచు దడిమీదుగా కొంతసేపు చూచి, ఏమియు అనకుండ లోపలికి వచ్చి, గొంతుకూర్చుండి, నుదురు గేదె డొక్కకు ఆనించి, రెండు మాటలు దాని చెవికి మాత్రమే వినబడునట్లు చెప్పి పితుక నారంభించెను. బిందె నిండెను. మా చేతికిచ్చి వెళ్లిపోయెను. ఈ మనుష్యుడు మూడేండ్లుగా ఆరాధనకు వచ్చుట మానివేసినవాడు. ఆయన సంగతి ముందునకు వచ్చును.

మిగిలిన పనులు కష్టమైనవి కావు. పాలు కేంద్రమునకు పోయవలెను, వెన్నశాతము చూచి వారు చీటీ యిత్తురు. పేడ ఎత్తవలెను. చొప్ప నరికి వేయవలెను. తవుడును తెలగపిండియు కలిపిన కుడితి పెట్టవలెను. ఎండెక్కిన పిమ్మట చెరువుకు తోలుకొనిపోవలెను. గేదెకు చెమట తక్కువ, నల్లని చర్మము, ఎండవేళ నీటిలో పడనిదే దానికి ప్రాణము నిలువదు. అది నీటిలో ముక్కును కొమ్ములును మాత్రము పైకి పెట్టుకొని రెండు గంటలు కదలక యుండును. కాపలావాడు కట్టమీద కూర్చుండును. ఇంటికి తెచ్చి కట్టివేసిన పిమ్మట పండుకొని నెమరు వేయును. దానికి నాలుగు అరల కడుపు. గబగబ మ్రింగిన మేతను మరల నోటికి తెచ్చుకొని, తీరికగా నమలి, మరల లోపలికి పంపును. దినమునకు ఏడెనిమిది గంటలు ఈ పనికే చెల్లును. మేము లెక్కపెట్టితిమి, ఒక్కొక్క ముద్దను ఏబది అరువది సారులు నమిలినది. ఇట్లు లెక్కపెట్టుటయే మాకున్న పని.

పని కష్టము కాదు, ఊరకుండుట కష్టము. ఊరంతయు చేలలో నున్నది. మధ్యాహ్నవేళ చెరువుకట్ట క్రింద ఆకు రాలిన చప్పుడు వినబడును. మొదటి రెండు దినములు మాకు శాంతి కలిగినదని మీరనుకొనవలదు. కాలు నిలువలేదు. గంటకు పది సారులు ఫోను చూచితిమి. చేతిలో పని లేనప్పుడు మనస్సు దేవునియొద్దకు తిన్నగా పోవునని మేము ఎన్నో ప్రసంగములలో చెప్పితిమి. మా మనస్సు తిన్నగా కూటముల పందిరికే పోయినది.

సోమవారము సాయంకాలము పెద్దమ్మ పట్టణమునుండి మాటలాడినది. కుడి కన్నుకు కట్టు కట్టిరట. తన సంగతి రెండు మాటలలో ముగించి, “అయ్యగారూ, ఫోను కాస్త దాని చెవి దగ్గర పెట్టండి” అన్నది. పెట్టితిమి. ఆమె ఏమన్నదో మాకు వినబడలేదు గాని, గేదె నమలుట ఆపి రెండు చెవులను ముందుకు త్రిప్పినది. మోతీ గుమ్మము దిగి వచ్చి మా చుట్టును మూడు సారులు తిరిగి, ఫోనును వాసన చూచి, మరల వీధితట్టు ముఖము పెట్టి పండుకొనెను. ఆ దినము వాడు అన్నము ముట్టలేదు.

ఇప్పుడు మా తప్పును చెప్పవలెను. మంగళవారము రాత్రి మేము మాటలాడవలసిన కూటము. మా స్థానములో మరియొక దైవజనుడు నిలిచెను. కూటమును ఫోనులో చూపుచున్నారు. పెరటిలో కుక్కిమంచము మీద కూర్చుండి చూచుచుంటిమి. ఆయన బాగుగా బోధించెను. మేమైన యెడల ఈ మాట ఇంకను బాగుగా చెప్పియుందుము గదా అని మధ్య మధ్య అనుకొంటిమి. మోతీ మొరుగ మొదలుపెట్టెను. ఊరకుండుమంటిమి. మరల మొరిగెను. యజమానురాలికొరకు బెంగపడుచున్నాడనుకొని గట్టిగా కసరితిమి, చిన్న కఱ్ఱ కూడ విసరితిమి. ఉదయము చూడగా కోళ్లగూటి తలుపు తెరచియున్నది. సాయంకాలము మూయుట మరచితిమి. బావురుపిల్లి వచ్చి మచ్చల పెట్టను ఎత్తుకొనిపోయినది. పెరటినుండి చెరువుకట్ట వరకు ఈకలు. తాను చూడనిదానిని చూచిన గాడిదను కఱ్ఱతో కొట్టిన ప్రవక్తను గూర్చి పండ్రెండేండ్ల క్రిందట మేము ప్రసంగించినప్పుడు సంఘమంతయు నవ్వెను. సంఖ్యాకాండము ఇరువది రెండవ అధ్యాయము. మేమును నవ్వించితిమి.

బుధవారము ఫోనును ఇంటిలో విడిచిపెట్టి బైబిలును, చెప్పకుండ మిగిలిపోయిన ఆ ప్రసంగపు కాగితములను తీసికొని చెరువుకట్టకు పోతిమి. ఆ అధ్యాయమును మేము ఎన్ని సారులు చదివితిమో లెక్కలేదు. అయిదు నున్నని రాళ్లు, వడిసెల, గొల్యాతు ఎత్తు, కవచము బరువు, అన్నియు కంఠస్థము. ఇరువదియవ వచనము మాత్రము ఎన్నడును మా కంటబడలేదు. చదువలేదని కాదు, ఆగలేదు. యెష్షయి తన కుమారునితో పేలాలును రొట్టెలును ఇచ్చి దండునకు పొమ్మన్నప్పుడు, దావీదు తెల్లవారగనే లేచి, గొఱ్ఱెలను ఒక కాపరికి అప్పగించి మరీ వెళ్లెనని అచ్చట వ్రాయబడియున్నది. అంతే. ఆ కాపరి పేరు లేదు. ఏ ఊరివాడో లేదు. మరల ఎక్కడను అతని ప్రస్తావన లేదు. ఏలా లోయలో ఇశ్రాయేలీయుల చరిత్ర మారుచున్న ఆ పూట, బేత్లెహేము కొండవాలున ఎవడో ఒకడు ఇతరుని గొఱ్ఱెలను చూచుచు కూర్చుండెను. అతని దినమున ఏమియు జరుగలేదు. ఏమియు జరుగకుండుటయే అతని పని. గొఱ్ఱె తప్పిపోకుండ, సింహము రాకుండ, ఎలుగుబంటి రాకుండ. ఏదైన జరిగిన యెడలనే అతడు గ్రంథములోనికి ఎక్కియుండును.

మా గేదె నీళ్లలో నున్నది. మేము కట్టమీద నవ్వుకొంటిమి. ప్రసంగపు కాగితములను వెనుకకు త్రిప్పి ఆ మాట వ్రాసికొంటిమి.

గురువారము సంఘపెద్ద యొకరు మోటారుసైకిలు మీద పోవుచు మమ్మును చూచి ఆగి, “అయ్యగారూ, సెమినరీ చదువు చివరికి గేదె దగ్గరికి వచ్చిందా?” అని నవ్వెను. చెడ్డ మనిషి కాడు, నవ్వులాటకే అన్నాడు. గాని ముల్లు గ్రుచ్చుకొన్నది. దావీదునకు ఈ మాట పడినది. పెద్దన్న ఏలీయాబు కోపించి, అడవిలో నున్న ఆ కాసిని గొఱ్ఱెలను ఎవరిమీద వదలి వచ్చితివని తమ్ముని నిలదీసెను. ఆ మాటలో రెండు దెబ్బలున్నవి. నీ పని అల్పమైనదనునది ఒకటి. ఆ అల్పమైనదానిని సహితము సరిగా చేయవనునది రెండవది. మొదటి దెబ్బకు మాయొద్ద జవాబుండెను. రెండవదానికి లేదు, మచ్చల పెట్ట పోయినది గనుక.

ఇచ్చట ఒక ప్రశ్న ఆలోచింపదగినది. ఆ కాపరి పనికి విలువ ఎక్కడనుండి వచ్చినది? దావీదును యుద్ధమునకు పోనిచ్చెను గనుక, ఆ విజయములో అతనికి పాలున్నదని చెప్పవచ్చును. మేమును మొదట అట్లే వ్రాసికొంటిమి. ఇది మంచి మాటయే, ప్రసంగమునకు బాగుగా పనికివచ్చును. గాని సాయంకాలము కుడితి కలుపుచు మరల ఆలోచింపగా, ఇది మా నివేదికలోని గడియే వేరొక రూపమున వచ్చినదని తోచెను. గొప్పదానికి ఉపయోగపడినందుననే చిన్నదానికి విలువ అన్న యెడల, చిన్నదానికి తనదైన విలువ లేదనియే గదా అర్థము? దావీదు ఆ దినము ఓడిపోయి చంపబడెననుకొందము. ఆ సాయంకాలము గొఱ్ఱెలకు దాహము వేయకుండునా? వాటిని నీళ్లయొద్దకు తోలిన మనుష్యుని పని వ్యర్థమై యుండునా? కాదు. గొఱ్ఱె దప్పికయే ఆ పనికి చాలిన కారణము. మరి దేనికిని సాధనము కానవసరము లేదు.

వేదము ఈ తట్టుననే యున్నదని మా నమ్మకము. నిర్గమకాండము ఇరువది మూడవ అధ్యాయము పండ్రెండవ వచనమున విశ్రాంతి దినము ఎందుకని చెప్పుచు, మొదట ఎద్దును గాడిదను పేర్కొని, దాసి కుమారుని, పరదేశిని తరువాత చెప్పెను. యోనా గ్రంథము చిట్టచివరి మాట నీనెవెలోని పశువులను గూర్చినది, పట్టణమును కనికరించుటకు అవియును ఒక కారణముగా దేవుడు ఎంచెను. సబ్బాతును గూర్చి తన్ను తప్పుపట్టినవారిని ప్రభువు, మీలో ఎవడు ఆ దినమున ఎద్దును విప్పి నీళ్లకు తోలుకొనిపోడని అడిగెను, లూకా పదుమూడవ అధ్యాయములో. అది ఘనకార్యమని ఆయన అనలేదు. అందరును చేయుదురు గదా, చేయవలసినదే గదా అన్నట్లుగా అడిగెను.

అయితే దీనిని సోమరులు తమకు అండగా తీసికొనుదురేమో. ఊరకుండుట మంచిదని అయ్యగారే వ్రాసిరని అరుగుమీద పేకాట ఆడువారు చెప్పుకొందురేమో. వారికొక మాట. సోమరి కూర్చుండిన చోట వానిమీద ఆధారపడినవారెవరును ఉండరు, ఉన్నను వాడు చూడడు. నాలుగు గంటలకు దూడ అరచినప్పుడు లేవనివానికి ఈ వ్యాసములోని ఏ మాటయు చెందదు. మాకు ఆ రాత్రి పాఠము అదియే. కుక్కిమంచము మీద మేము కూర్చుండియే యుంటిమి గాని కాపలా కాయుట లేదు. రెండును పైకి ఒక్కటిగానే కనబడును.

ఈ వ్యాసమును మా ఇంటివారికి చదివి వినిపింపగా ఆమె, “మీరొక వారం చేసి వ్యాసం రాశారు. నేను పద్దెనిమిదేళ్లనుంచి పొయ్యి దగ్గర, పిల్లల దగ్గర ఇదే చేస్తున్నాను, నాకెవరూ కాగితం ఇవ్వలేదు” అన్నది. దీనిని ఉన్నదున్నట్లుగా అచ్చు వేయుమని ఆమెయే కోరినది.

ఎదురింటి ఆయన సంగతి. ప్రతి ఉదయము వచ్చెను, పితికెను, వెళ్లెను. మూడేండ్లలో మేము ఆయన ఇంటికి నాలుగు సారులు వెళ్లితిమి. కుర్చీ వేయించెడివాడు, కాఫీ ఇప్పించెడివాడు, ప్రార్థన చేయించుకొనెడివాడు. ఎందుకు రావడము లేదని అడిగిన, వస్తానండి అనెడివాడు. నాలుగు గడులు నిండినవి. శుక్రవారము ఉదయము మేము దీపము పట్టుకొని ఆయన వెనుక నిలిచితిమి. ఆయన ముఖము గేదె డొక్కకు ఆని యున్నది, మాకు కనబడదు. పితుకుట ఆపకుండనే మెల్లగా అన్నాడు, “మా అమ్మను పెట్టిన రోజున మీరు తొందరగా వెళ్లిపోయారు అయ్యగారూ. మట్టి ఇంకా పూర్తిగా వెయ్యలేదు. బస్సుందన్నారు.”

మాకు జ్ఞాపకము లేదు. ఆ దినమే జ్ఞాపకము లేదు. పిమ్మట ఇంటికి పోయి పాత డైరీలు తీసి చూచితిమి. భూస్థాపన ఒకటి, సాయంకాలము పట్టణములో కూటము ఒకటి అని మా చేతివ్రాతతోనే యున్నది. రెండు గడులును నిండియున్నవి.

కొట్టములో మేము, తప్పయినది, క్షమించుమంటిమి. ఆయన ఏమియు అనలేదు. కొంతసేపు పాలధార చప్పుడు మాత్రమే. ముగించి లేచి, “బిందె జాగ్రత్త, నిండుగా ఉంది” అని మా చేతికిచ్చి వెళ్లెను. ఆదివారము ఆరాధనకు వచ్చెనా అని మీరడుగుదురు. రాలేదు. తరువాతి ఆదివారమును రాలేదు. క్రిస్మసునకు వచ్చి వెనుక నిలువబడి దీవెనకు ముందే వెళ్లెను. ఆ వారము ఆయనను తిరిగి సంపాదించితిమని మేము వ్రాయజాలము. ఆయన మనస్సులో మూడేండ్లుగా నున్నదేమో తెలిసికొంటిమి, అంతే. నాలుగు దినములు ఒక్క చోట, ఆయన ఎరిగిన పనిలో, మేము ఎరుగనివారమై నిలిచినందుననే ఆయనకు అది చెప్పవలెననిపించినదేమో. లేక గేదె డొక్క వెచ్చగా నుండుటచేతనేమో.

1 సమూయేలు ముప్పదియవ అధ్యాయమును శుక్రవారము చదివితిమి, కట్టమీదనే. సిక్లగును అమాలేకీయులు కాల్చి భార్యలను పిల్లలను చెరపట్టుకొనిపోగా దావీదు ఆరువందలమందితో తరిమెను. బెసోరు వాగుయొద్ద రెండువందలమంది అలసి దాటలేక సామానునొద్ద నిలిచిపోయిరి. నాలుగువందలమంది పోయి గెలిచి, పోయినదంతయు తిరిగి తెచ్చిరి. వచ్చినప్పుడు వారిలో కొందరు దుర్మార్గులు, వీరు మనతో రాలేదు గనుక దోపుసొమ్ములో వీరికేమియు ఇయ్యకూడదు, పెండ్లాము పిల్లలను తీసికొని పోనిండనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికెంతయో సామానునొద్ద నిలిచినవానికిని అంతయే అని తీర్పు చేసి, దానిని ఇశ్రాయేలులో కట్టడగా నిలిపెను.

ఈ రెండు అధ్యాయములను మేము సెమినరీలో వేరువేరు వారములలో చదివితిమి. ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడలేదు. ఆ తీర్పు చెప్పుచున్నప్పుడు దావీదునకు బేత్లెహేము కొండమీది ఆ కాపరి జ్ఞప్తికి వచ్చెనో లేదో గ్రంథము చెప్పలేదు. చెప్పనిదానిని మేమును చెప్పరాదు. గాని తన గొఱ్ఱెలను ఒకని చేతిలో పెట్టి వెళ్లినవాడే ఈ కట్టడ చేసెననునది మాత్రము గ్రంథములో నున్నది. ఏలీయాబు మాట పడినవాడే ఈ దుర్మార్గుల మాటను త్రోసివేసెననునదియు నున్నది. మన సంఘములలో కూటములకు వెళ్లి పేరు తెచ్చుకొనువారు నాలుగువందలైతే, దీపము తుడిచి, చాపలు దులిపి, ముసలివారికి గంజి కాచి ఇంటనుండువారు రెండువందలు. వార్షికోత్సవమున శాలువాలు ఎవరికి కప్పుదుమో మీరును చూచియున్నారు.

శనివారము మధ్యాహ్నము బస్సులో పెద్దమ్మ కూతురితో కూడ వచ్చినది. కంటికి నల్ల అద్దాలు. వంగరాదు, తలమీద నీళ్లు పోసికొనరాదు, నెల దినములు దుమ్మునకును పొగకును పేడకును దూరముగా నుండవలెనని డాక్టరు చెప్పి పంపెను. ఆ నెల పని తరువాత నలుగురము పంచుకొంటిమి. మోతీ ఆమె వాసన వీధి మొగలోనే పట్టి, ముసలితనము మరచి పరుగెత్తెను. ఆమె గేదె మెడమీద చేయి వేసి, అద్దాలు కొద్దిగా ఎత్తి, దాని ముఖమును చాలసేపు చూచినది. “నీకు నుదుటిమీద తెల్ల చుక్క ఉందటే అమ్మాయీ” అన్నది. ఆ గేదె ఆ ఇంట పుట్టి అయిదేండ్లు.

పిమ్మట కోళ్లను చూచి వ్రేలితో లెక్కించినది. మేము ముందే చెప్పవలెననుకొని సంకోచించి ఆలస్యము చేసితిమి.

“ఏడేనా?”

“బావురుపిల్లి వచ్చింది పెద్దమ్మా. గూడు మూయడం నేను మరచిపోయాను.”

“మోతీ అరచి ఉండాలే?”

“అరచింది” అంటిమి. కఱ్ఱ సంగతియు చెప్పితిమి.

ఆమె కొంచెముసేపు మమ్మును క్రొత్త కంటితో చూచినది. తిట్టునేమో అనుకొంటిమి. “మీకు గడ్డం ఇంత నెరిసిందా అయ్యగారూ? ఇన్నాళ్లూ నల్లగానే ఉందనుకున్నాను” అన్నది.

నెలాఖరున కాగితము వచ్చినది. ఆ వారము గడులలో ఏమి వేయవలెనో కొంత తడవు ఆలోచించితిమి. ఎదురింటి ఆయన వచ్చినందున గృహదర్శనమని వేయవచ్చునేమో. సంఘపెద్దతో మాటలాడితిమి గనుక సంభాషణ అని వేయవచ్చునేమో. కలము తీసి ఆరు దినములకును అడ్డగీతలు గీసి పంపితిమి. పైవారెవరును ఏమియు అడుగలేదు.

ఆ యేటి ఆగస్టు మాసమున పెద్దమ్మ ఎడమ కన్నుకు వెళ్లినది. వెళ్లునప్పుడు పలుపు మాకే యిచ్చినది. ఇచ్చి, పెరటిలోనికి పిలుచుకొనిపోయి, కోళ్లగూటి తలుపునకు తాను క్రొత్తగా వేయించిన గడియను రెండు సారులు తీసి వేసి చూపించినది.